వెలిగామ యాత్రకు మా సన్నాహము

సముద్రమునకు కూతవేటు దూరమున పుట్టి, ఆ గాలి పీల్చి పెరిగి, కార్తికమాసమున సముద్రస్నానము తప్పక చేయు మన కోస్తాజిల్లాల స్త్రీలలో ఈత వచ్చినవారు ఎందఱున్నారు? జాలరి కుటుంబముల స్త్రీలు సైతము చేపలగంప మోయుదురు, బేరములాడుదురు, ఇల్లు గడుపుదురు గాని నీటిలోనికి పోవుట మగవారి పనియే. తక్కినవారి మాట చెప్పనక్కఱలేదు. ఒకచేత కుచ్చెళ్లును, ఒకచేత బిడ్డను పట్టుకొని, చీలమండలు తడియువఱకు పోయి, కెరటము వచ్చినంతనే కేకవేసి వెనుకకు పరుగెత్తుటతో మన సాగరవిహారము ముగియుచున్నది. అట్టి మేము నలుగురు స్త్రీలము, వచ్చు ఫిబ్రవరిమాసమున సింహళద్వీపమునకు పోయి, అచ్చటి దక్షిణతీరమున పలకపై నిలిచి కెరటములమీద స్వారిచేయుట నేర్చుకొనదలచితిమన్నచో చదువరులకు నవ్వు రావచ్చును. రానిండు. ఈ యాత్రకై కొన్ని నెలలుగా మేము విచారించి తెలిసికొన్న సంగతులు, ఇట్టి కోరికయే గలిగి పైకి చెప్పుకొనజాలని సోదరీమణులకు పనికివచ్చునని వ్రాయుచున్నాము.

నలుగురమనగా మేము, మా తోడికోడలు, పందొమ్మిదేండ్ల ఆమె కుమార్తె, మా ఆడుబిడ్డ. కోరిక మొదట పుట్టినది ఆ పిల్లకు. అనుమతి నీయవలసినవారు మా అత్తగారు. ఆమె చిన్ననాట, పినతండ్రి కుమారుడొకడు విశాఖపట్టణపు తీరమున స్నానమునకు దిగి తిరిగి రాలేదు. నాటినుండి ఆమె యింట ఎవ్వరును మోకాలు దాటి సముద్రములోనికి పోగూడదని శాసనము. ఆ శాసనమును మేము తేలికగా చూడలేదు. ఏటేటను ఆ తీరమున మునిగిపోవు యువకుల వార్తలు పత్రికలలో చదువుచునే యున్నాము గదా.

ఇంతకును ఈ ఆట యేమి? ఆంగ్లమున దీనిని సర్ఫింగు అందురు. దీని పుట్టిల్లు పసిఫికు మహాసముద్రములోని ద్వీపములు. అందులోను హవాయి ద్వీపములందు ఇది గొప్ప విద్యగా పెరిగినది. 1778లో కుక్కు దొరగారి ఓడలు అచ్చటికి చేరునప్పటికే రాజులు, సామాన్యులు, పురుషులు, స్త్రీలు అను భేదము లేక అందఱును కొయ్యపలకలతో కెరటములెక్కుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున పరదేశీయుల రాకతో ఆ జనులును, వారి ఆటలును క్షీణించి, ఇరువదవ శతాబ్దారంభమున ఈ విద్య మరల తలయెత్తినది. టోకియో ఒలింపిక్కులు 2021లో జరిగినపుడు మొట్టమొదటిసారిగా దీనికి స్థానమిచ్చిరి; స్త్రీల పందెమున స్వర్ణపతకమును గెల్చినది హవాయి వనితయగు కరిస్సా మూరు. కనుక ఇది మగవారి ఆటయనియు, ఆడవారు నేడు కొత్తగా చొరబడుచున్నారనియు ఎవరైన అన్నచో, చరిత్ర తెలియక అన్నమాటయే.

"ఇంటిముందట సముద్రముండగా పరదేశమేల?" అని మా మఱిదిగారు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఋషికొండయొద్దను, చెన్నపట్టణమునకు చేరువనున్న కోవళమునందును ఈ విద్య నేర్పువారు కలరు. కాని దీనికి జవాబు చెప్పుటకు కెరటము ఎట్లు విరుగునో కొంచెము చెప్పవలెను.

ఉతికిన చీరను ఇద్దఱు చెఱియొక కొన పట్టుకొని ఒకరు విదలించినచో, చీరపై ఒక పొంగు ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తును. చీర మాత్రము ఎక్కడిదక్కడనే యుండును. నడిసముద్రపు కెరటమును అట్టిదే. నీరు ప్రయాణము చేయదు, పొంగు మాత్రమే ప్రయాణము చేయును. హిందూమహాసముద్రమున దక్షిణాన, దాదాపు నలువదవ అక్షాంశమునకు ఆవల, వీచు పెనుగాలులవలన పుట్టిన పొంగులు అడ్డమేమియు లేక వేలమైళ్లు దొర్లి, కొన్ని దినములకు సింహళపు దక్షిణతీరమును చేరును. తీరము సమీపించి నీటిలోతు ఇంచుమించు కెరటపు టెత్తునకు తగ్గువేళ, అడుగుభాగము నేలకు తగిలి వెనుకబడి, పైభాగము ముందునకు తూలి విరుగును. ఆ విరుగుటలోనే తేడా యంతయు నున్నది. అడుగున నేల మెల్లమెల్లగా ఏటవాలుగా నున్నచో కెరటము పాలపొంగువలె నెమ్మదిగా పొర్లును. నేల ఒక్కసారిగా లేచినను, అడుగున రాయియో పగడపుదిబ్బయో యున్నను, గోడ కూలినట్లు కూలును. మా నగరపు ప్రధానతీరమున ఒడ్డు నిటారుగా నుండుటచేత అచ్చటి కెరటము ఒడ్డునే పడి, మనిషిని పడద్రోసి, వెనుకకు పోవుచు కాళ్లక్రింది ఇసుకను లాగివేయును. అది నేర్చుకొనుటకు తగిన చోటు కాదు. ఇసుక అడుగును, నెమ్మదియైన వాలును, అలసిపోయివచ్చు దూరపు పొంగును, ఈ మూడును ఒక్కచోట కలసిన తావులలో వెలిగామ యొకటి.

పేరులోనే సంగతియంతయు నున్నది. సింహళభాషలో వెలియనగా ఇసుక, గమయనగా గ్రామము. మన వాలుకయు, మన గ్రామమును అచ్చటికి పోయి ఆ రూపు దాల్చినవి. దక్షిణమునకు తెఱచుకొన్న విశాలమైన అఖాతము, దాని యంచున అర్ధచంద్రాకారముగ ఇసుకతీరము, ఒకమూల చేపలపడవలు. ఒడ్డున నడచిపోదగినంత చేరువలో తప్రోబేను అను చిన్నదీవి కలదు. 1920లలో ఐరోపావాసి యొకడు దానిపై మేడ కట్టుకొనెను. ఊరిలో కుష్ఠరాజగల అను రాతిమీద పురుషప్రమాణమును మించిన బోధిసత్త్వమూర్తి చెక్కబడియున్నది. చర్మవ్యాధితో బాధపడు రాజొకడు ఇచ్చటికి వచ్చి కొబ్బరికాయలే ఆహారముగా కొన్ని నెలలుండి స్వస్థుడయ్యెనని అచ్చటివారు చెప్పుదురు. మేము మునుపు కదిరగామ యాత్రకు పోయినపుడు ఆ విగ్రహమును చూచి, టెంకాయనీరు త్రాగి, గంటసేపు తీరమున నిలిచితిమి. పదేండ్ల పిల్లలు, నెఱసిన తలల పరదేశస్త్రీలు, నడుములోతు నీటిలో పలకలు పట్టుకొని కెరటముకొఱకు కాచియుండిరి. ఒక ముసలామె పలకపై లేచి నిలిచి, పది బారల దూరము వచ్చి, పడి, ఒంటరిగా నవ్వుకొనుచు మరల లోనికి పోయెను. మా తోడికోడలు ఆ రోజున ఏమియు మాటాడలేదు గాని, ఆమె ఆ నవ్వును మఱువలేదని ఈ యేడు తెలిసినది.

ఈ ద్వీపమునకు పోదలచినవారు మొదట నేర్వవలసినది పంచాంగము. సింహళము చిన్నద్వీపమేయైనను దానికి రెండు ఋతువులు రెండు ప్రక్కల నడచును. మేమొదలు సెప్టెంబరువఱకు నైరృతి ఋతుపవనము పడమటి, దక్షిణ తీరములను కొట్టును. అప్పుడు వెలిగామ కెరటము పెద్దదై, గాలికి చెదరి, మడ్డిగా నుండును. ఆ కాలముననే తూర్పుతీరమున పొత్తువిల్లు ప్రక్కనున్న అరుగంబే యను అఖాతము ప్రశాంతమై, కెరటములు చిత్రించినట్లు వరుసగా వచ్చును. నవంబరునుండి ఏప్రిలువఱకు దీనికి తారుమారు. కావున ఆగస్టులో సెలవులు దొరకినవని వెలిగామకు టికెట్టు కొన్నవారు వానలో కూర్చుండి కొబ్బరిచెట్లను చూచి రావలసినదే. మా పిల్లకు కళాశాల సెలవులు మేనెలలో ననియు, అప్పుడే పోవుదమనియు ఒక పట్టు పట్టెను. ఫిబ్రవరిలో పదిదినములు చదువు పోయిన పోవును గాని, సముద్రము మన సెలవులకై ఆగదని నచ్చచెప్పితిమి.

తూర్పుతీరమును మేము వదలుకొనుట కొంత కష్టముగానే యుండెను. అందుకు రెండు కారణములు. మొదటిది, ఆ అంపార జిల్లాలోనే అక్కరైపత్తునకు చేరువనున్న అళికంబ యను గ్రామమున తెలుగు మాటాడు కుటుంబములు కలవు. పూర్వము పాములాడించుచు దేశద్రిమ్మరులుగా తిరిగిన అహికుంటికుల సంతతివారు వీరు. ఆ ద్వీపమున మఱికొన్ని తావులలోను వీరున్నారు. తరతరములుగా తెలుగుదేశమును చూడకయే మన భాషను ఇండ్లలో నిలుపుకొన్న ఆ యమ్మలను చూచి రెండు మాటలాడవలెనని మా కోరిక. రెండవది, 2018లో అరుగంబేలో అచ్చటి స్త్రీలు తమకై ఒక సర్ఫింగు సంఘమును స్థాపించుకొనిరి. ఆ దేశమున స్త్రీలకొఱకే ఏర్పడిన మొదటి సంఘమది. అంతకుముందు ఆ యూరి మగపిల్లలు పరదేశీయులను చూచి ఎప్పుడో నేర్చుకొనిరి. ఆడపిల్లలు ఒడ్డునుండి చూచుచుండిరి. వారికి చెప్పబడిన అభ్యంతరములు విన్నచో మన వీధిలో విన్నట్లే యుండును: ఆడుదాని స్థానము ఇల్లు, ఆ దుస్తులేమి, ఎండకు నల్లబడినచో పెండ్లి ఎట్లు. వారిలో వివాహితలు, బిడ్డలతల్లులు కూడ నున్నారు. వారు పోరుపెట్టుకొని గెలువలేదు, ప్రతిదినము నీటిలోనికి పోయి గెలిచిరి. మా ప్రక్కయింటి ముత్తైదువ కూడ మా పిల్లను జూచి, "పెండ్లికావలసిన పిల్లవు, ఎండలో ఆ యాటలేమిటమ్మా?" అన్నది. పిల్ల యేమియు ననలేదు. మా తోడికోడలు మాత్రము, "నలుపు చూచి వెనుకకు పోవు సంబంధము ముందే పోవుట మంచిది గదా, పిన్నిగారూ!" అని నెమ్మదిగా అన్నది.

సింహళపు సముద్రమును గూర్చి వ్రాయుచు 2004వ సంవత్సరమును దాటిపోరాదు. ఆ డిసెంబరు 26వ తేదీన సుమత్రాద్వీపముచెంత సముద్రగర్భమున కలిగిన భూకంపమువలన లేచిన ఉప్పెన ఆ ద్వీపమున ముప్పదివేలమందికి పైగా ప్రాణములు తీసినది. మన కోస్తాలోను నూఱుమందికి పైగా పోయిరి. కొలంబోనుండి గాలునకు పోవు రైలొకటి పెరలియ గ్రామమువద్ద నీటికి చిక్కి, అందులో వేయిమందికి పైగా మరణించిరి. మేము వెలిగామకు పోవు రైలుమార్గము అదియే. ఒడ్డున కట్టిన స్మారకచిహ్నము కనబడును. ఆ పిమ్మట చాలయేండ్లు ఆ తీరవాసులు, ముఖ్యముగ స్త్రీలు, సముద్రమువంక చూచుటకే జంకిరి. అట్టిచోట ఆడుపిల్లలు మరల నీటిలోనికి దిగుట ఆటకంటె పెద్దవిషయమని మాకు తోచినది. ఇప్పుడు హిందూమహాసముద్రమంతటికి హెచ్చరిక యేర్పాటు కలదు. అయినను బసకు దిగిననాడే, ఎత్తైన నేలకు పోవు త్రోవ ఏదని అడిగి, ఒకసారి నడచి చూచుకొనుట మంచిది.

సన్నాహములో అతిముఖ్యమైనది టికెట్టు కాదు, ఈత. పలక తేలును గదా, ఈత యేల యని కొందఱందురు. పలకకు కట్టిన త్రాడు తెగవచ్చును. అప్పుడు తేలవలసినది మనమే. అందుచేత అక్టోబరునుండి నగరపాలకసంస్థవారి ఈతకొలనులో, స్త్రీలకు కేటాయించిన వేళలలో, నలుగురము నేర్చుకొనుచున్నాము. పిల్లకు పదిదినములలో వచ్చినది. మా ఆడుబిడ్డకు నెల పట్టినది. నలువదియాఱేండ్ల మా తోడికోడలు రెండునెలలు నీటిలో ముఖము పెట్టుటకే భయపడెను. కాని ఒక్కనాడును మానలేదు. ఆగకుండ రెండువందల గజములు ఈదుట, కాళ్లాడించుచు పదినిమిషములు నిలువునతేలుట, ఈ రెండును రానివారు ఒడ్డుననే యుండవలెనని మాలో మేము ఒడంబడిక చేసికొంటిమి. దానితోపాటు ప్రతి ఉదయమును బోర్లపండుకొని, అరచేతులు నేలకానించి, ఒక్కయూపున లేచి నిలుచుట అభ్యసించుచున్నాము. పలకపై చేయవలసినది అదియే. ఇంటిపని చేయువారికి బలము లేదనుకొనరాదు. రుబ్బురోలు త్రిప్పిన భుజములు ఈ పనికి చక్కగా వచ్చును. ఆ రోళ్లు ఇపుడు మూలబడినమాట వేఱు!

నీటిలో జాగ్రత్తలనుగూర్చి మాకు తెలిసినంతలో చెప్పెదము. కెరటములు విరుగుచున్న తీరమున మధ్య ఒకచోట విరుగక, నునుపుగా, కొంచెము ముదురురంగుగా కనబడు పాయ యొకటి యుండవచ్చును. కొత్తవారు అదియే క్షేమమని దిగుదురు. ఒడ్డునకు వచ్చిన నీరంతయు తిరిగి లోనికి పోవు దారి అది. అందులో చిక్కినవారు తీరమువైపునకే ఈదిఈది అలసి మునుగుదురు. ఎదిరింపక, తీరమునకు సమానముగా ప్రక్కకు ఈది, పాయ దాటిన పిమ్మట ఒడ్డునకు రావలెను. శక్తి చాలనిచో వెల్లకిల తేలి, చేయెత్తి పిలువవలెను. మా అత్తగారి బంధువు పోయిన విధము విన్నపుడు అది ఇట్టి పాయయే యైయుండునని మాకు తోచినది. ఈ సంగతి ఆమెకు బొమ్మ గీచి చెప్పితిమి. చాలసేపు ఆ కాగితమును చూచి, "ఎవరైన వాడికీ మాట చెప్పి యుంటే!" అన్నది. అంతకంటె మేమేమియు ననలేకపోతిమి.

పడునపుడు తలక్రిందుగా దుమకరాదు. వెడల్పుగా పడి, రెండుచేతులతో తల కప్పుకొని పైకి రావలెను. ఒక కెరటమునకు ఒక్కరే. విరుగుచోటునకు చేరువగా నున్నవారిదే హక్కు. మొదటివారము గురువు లేనిదే దిగరాదు. మిదిగమ మొదలైన దాపుగ్రామములలో పగడపురాయి అడుగున్న కెరటములు ఎంత అందముగా నున్నను నేర్చుకొనువారికి తగవు. పలకలు కొనిపోనక్కఱలేదు, తీరముననే అద్దెకు దొరకును. కొత్తవారికి మెత్తని పైపూతగల ఎనిమిది తొమ్మిదడుగుల పొడవైనది కావలెను. పొట్టిపలక అడిగి గొప్పకు పోరాదు. గాలి తక్కువగానుండు తెల్లవాఱుజామున దిగి, ఎండ ముదురకముందే గట్టెక్కుట మేలు.

దుస్తులవిషయమున మా యింట పెద్ద చర్చయే జరిగినది. చీర నీటిలో కాళ్లకు చుట్టుకొని ప్రాణాపాయము తెచ్చును, దానిని గూర్చి వాదములేదు. మణికట్టువఱకు చేతులుండి ఒంటికంటుకొనియుండు చొక్కాయు, చీలమండవఱకు వచ్చు బిగుతు లాగును కుట్టించితిమి. మానమునకును, ఎండకును, పలక రాపిడికిని అది యొక్కటే సమాధానము. గాజులు పగిలి కోసికొనును, మెట్టెలు జారిపోవును, మెడలోని గొలుసు త్రాటికి చిక్కును. మంగళసూత్రమును తీయుటకు మా తోడికోడలు ఒప్పుకొనలేదు. అందులకు మా అత్తగారే ఉపాయము చెప్పిరి. బంగారమంతయు ఆమెయొద్ద నుంచి, మెడకు దగ్గఱగా పసుపుత్రాడు కట్టుకొని దిగవలెను. మన పెద్దలు పెండ్లినాడు కట్టునది పసుపుత్రాడే గాని గొలుసు కాదు గదా. జడ బిగించి అల్లి ముడివేయవలెను. ముఖమునకు జింకు ఆక్సైడు గల తెల్లనిపూత దళముగా పూసికొనవలెను. నెలసరి దినములు అడ్డువచ్చునేమోయని సంశయించువారు లోపల నుంచుకొను సాధనములను ఇంటియొద్దనే అలవాటు చేసికొని పోవుట మంచిది. సందేహమున్న వైద్యురాలిని ముందుగా అడుగవలెను, సిగ్గుపడనక్కఱలేదు.

ప్రయాణము సులువే. చెన్నపట్టణమునుండి కొలంబోకు విమానము గంటకు కొంచెము పైగా పట్టును. ప్రవేశపు అనుమతి ముందుగా అంతర్జాలమున తీసికొనవలెను. నిబంధనలు తఱచు మాఱుచుండును గనుక బయలుదేరుటకు నెలముందు చూచుకొనవలెను. ప్రమాదబీమా తీసికొనునపుడు అందులో ఈ యాట చేరియున్నదా యని అడుగక డబ్బు కట్టరాదు. కొలంబో కోటస్టేషనునుండి రైలులో కుడివైపు కిటికీయొద్ద కూర్చున్నచో వెలిగామవఱకు దాదాపు మూడుగంటలు సముద్రము ప్రక్కననే నడచును. దారిలో గాలు నగరపు డచ్చివారి కోట. 1988లో యునెస్కోవారు దానిని ప్రపంచవారసత్వముగ గుర్తించిరి. కొగ్గలవద్ద నీటిలో పాతిన గుంజలపై కూర్చుండి గాలము వేయు జాలరులు కనబడుదురు. ఇపుడు వారు పట్టునది చేపలకంటె ఛాయాచిత్రములవారినే యని వినికిడి.

భోజనమునకు శాకాహారులు దిగులుపడనక్కఱలేదు గాని ఒక్క జాగ్రత్త. అన్నము, పప్పు, ఇడియాప్పము, కొబ్బరిపాలతో వండిన కిరిబతు అనునవి అంతటను దొరకును. కొబ్బరిపచ్చడియగు పోల్సంబోలు చూచుటకు మన పచ్చడివలెనే యుండును. కాని అందులో ఉంబలకడ యను ఎండుచేపపొడి తఱచు కలుపుదురు. కూరలలోను వేయుదురు. ఆ పేరు నేర్చుకొని, అది వేయవద్దని ముందే చెప్పవలెను. మేము ఆవకాయజాడీ యొకటి వెంట తీసికొనుచున్నాము.

ఇక మా అత్తగారి మాట. పాయ బొమ్మ చూచిన నాలుగుదినములకు ఆమె తనంతట తానే ఈతకొలనుకు వచ్చి, మెట్లపై కూర్చుండి, తన కోడలు ఈ చివఱనుండి ఆ చివఱకు ఈదుట చూచెను. ఇంటికి వచ్చి, "పొండి. కాని నేనును వత్తును. ఒడ్డున కూర్చుండి నలుగురిని లెక్కపెట్టుచుందును," అనెను. అందుచేత అయిదవ టికెట్టు కొంటిమి. ఆమెకు మోకాళ్లనొప్పులు గనుక, తీరమునకు ఎదురుగా క్రిందిగది కావలెనని బసవారికి వ్రాసితిమి. దొరకినదని నిన్ననే జాబు వచ్చినది. పెద్దగొడుగును, మడతకుర్చీని అచ్చటనే అద్దెకిత్తురట.